పెరటి చెట్టు వైద్యానికి పనికొస్తుందా? కష్టకాలంలో ఇంటివాళ్లూ పిట్టలూ ఇచ్చే ఊరట

మార్చి 20 దగ్గర పడిందంటే చాలు, ప్రపంచ పిచ్చుకల దినోత్సవం పేరుతో వాట్సాప్‌లో ఫార్వర్డులు మొదలవుతాయి. రోజూ ఆరు నిమిషాలు పక్షుల కూత వింటే డిప్రెషన్ పోతుందని ఒకటి. వారానికి 120 నిమిషాలు చెట్ల మధ్య గడిపితే మందులే అక్కర్లేదని ఇంకొకటి. వాటి కిందే కుటుంబంతో కూర్చుని భోంచేస్తే ఏ టెన్షనూ ఉండదన్న మాట. ఇవి చదివి కొందరు మందులు ఆపేద్దామా అని ఆలోచిస్తారు. ఇంకొందరు ఇదంతా కబుర్లే అని కొట్టిపారేస్తారు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనకో సామెత. దగ్గరున్నదాని విలువ తెలియదన్న అర్థంలో వాడతాం. ఈ విషయంలో మాత్రం దాన్ని అక్షరాలా తీసుకుని అడగొచ్చు. పెరటి చెట్టూ, దాని మీది పిట్టా, కింద మంచం మీద కూర్చున్న ఇంటివాళ్లూ కష్టంలో ఉన్న మనిషికి నిజంగా ఏం చేస్తారు? ఎంతవరకు చేస్తారు?

## ఊరట వేరు, వైద్యం వేరు

ముందు మాటలు విడదీసుకోవాలి. ఊరట అంటే బరువు దిగిపోవడం కాదు, మోయగలిగేంత తేలికపడటం. అప్పు అప్పుగానే ఉంటుంది, పోయిన మనిషి తిరిగి రాడు, రిపోర్టులో అంకె మారదు. కానీ ఆ రాత్రి నిద్ర పడుతుంది, పొద్దున లేచి పని చేసుకోగలం. ఓదార్పు ఊరటకు దారి. ఒకరు మన పక్కన కూర్చుని ఇచ్చేది. వైద్యం రెండింటికీ భిన్నం. జబ్బేమిటో గుర్తించి దానికి సరిపడా చేసే చికిత్స అది.

ఫార్వర్డుల్లో జరిగే పొరపాటు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం. పరిశోధనల్లో ఎక్కువ భాగం ఊరట గురించి చెబుతాయి. మన ఫోన్‌కి వచ్చేసరికి అది వైద్యం అయిపోతుంది.

## ఇంటివాళ్ల చేయి ఏం చేస్తుంది?

అమెరికాలో జేమ్స్ కోన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2006లో ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. పెళ్లయిన 16 మంది ఆడవాళ్లను ఒక్కొక్కరినీ స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, చీలమండ దగ్గర చిన్న కరెంటు షాక్ తగలొచ్చని హెచ్చరించారు. ఒకసారి ఒంటరిగా, ఒకసారి ముక్కూమొహం తెలియని మనిషి చేయి పట్టుకుని, ఒకసారి భర్త చేయి పట్టుకుని. ప్రమాదం వస్తోందని మెదడు పడే కంగారు తెలియని చేయి పట్టుకున్నా కొంత తగ్గింది. భర్త చేయి పట్టుకుంటే ఇంకా తగ్గింది. వాళ్లిద్దరి కాపురం ఎంత బాగుంటే అంత ఎక్కువ తగ్గింది.

ఈ చివరి వాక్యమే అసలు సంగతి. కేవలం మనిషి ఉండటం కాదు, ఆ మనిషితో మనకున్న సంబంధం ఎలాంటిదన్నది లెక్కలోకి వస్తోంది.

అంతకుముందే 1985లో షెల్డన్ కోహెన్, థామస్ విల్స్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి, మనుషుల అండ రెండు రకాలుగా పనిచేస్తుందన్నారు. ఒకటి, కష్టం ఉన్నా లేకున్నా నలుగురిలో కలిసి ఉండటం వల్ల కలిగే మామూలు మేలు. రెండోది కష్టం వచ్చినప్పుడు మాత్రమే బయటపడేది. బండికి షాక్ అబ్జార్బర్ ఉంటుంది కదా, నున్నటి రోడ్డు మీద దాని సంగతే గుర్తుకు రాదు. గుంటలో పడ్డప్పుడే తెలుస్తుంది. కష్టకాలంలో ఇంటివాళ్లు చేసేది ఆ పని. గుంటను వాళ్లు పూడ్చలేరు.

## పిట్టను చూస్తే మనసు ఎందుకు కుదుటపడుతుంది?

దీని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. మూడు వాదనలున్నాయి.

ఎడ్వర్డ్ విల్సన్ అనే జీవశాస్త్రవేత్త 1984లో చెప్పింది మొదటిది. లక్షల ఏళ్లు చెట్టూ పుట్టా మధ్య బతికిన జాతి మనది, జీవం ఉన్నవాటి వైపు మనసు లాగడం మన పుట్టుకలోనే ఉందన్నాడు. వినడానికి సబబుగా ఉంటుంది కానీ రుజువు చేయడం కష్టం.

రెండోది రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడిది. పచ్చదనం చూస్తే ఆలోచన కన్నా ముందే ఒళ్లు కుదుటపడుతుందని, ఒత్తిడి దిగుతుందని ఆయన అంటాడు. ఆయన 1984లో సైన్స్ పత్రికలో వేసిన అధ్యయనాన్ని ఇప్పటికీ అందరూ ఎత్తిచూపుతారు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972, 1981 మధ్య పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రికార్డులు తీసి, వయసు వంటివి కలిసేలా 23 జంటలుగా కట్టాడు. జంటలో ఒకరి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మరొకరికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు ఆపరేషన్ తర్వాత సగటున 7.96 రోజులు ఉన్నారు. గోడ కనిపించినవాళ్లు 8.70 రోజులు. చెట్ల వైపువాళ్లు గట్టి నొప్పి మందులు కూడా తక్కువ వాడారు.

మూడోది మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రేచల్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులది. నాకు బాగా నచ్చే వాదన ఇదే, ఎందుకంటే దీన్ని ఎవరికి వారు పరీక్షించుకోవచ్చు. మన ధ్యాస రెండు రకాలంటారు వాళ్లు. పట్టుబట్టి నిలిపే ధ్యాస ఒకటి. లెక్కలు చూడటం, ఆసుపత్రి బిల్లులు సర్దడం, ఇన్సూరెన్స్‌వాళ్లతో ఫోన్‌లో మాట్లాడటం, ఇవన్నీ దానితోనే చేస్తాం. అది అలిసిపోతుంది. అలిసిపోతే చిరాకు, మతిమరుపు, చిన్న మాటకే కళ్లలో నీళ్లు. రెండోది దానంతట అదే నిలిచే ధ్యాస. జామచెట్టు మీద ఉడుత తలకిందులుగా దిగుతుంటే చూస్తాం. చూడమని ఎవరూ చెప్పక్కర్లేదు, చూడకపోయినా నష్టం లేదు. ఈ రెండో ధ్యాస పనిలో ఉన్నంతసేపూ మొదటిదానికి విశ్రాంతి దొరుకుతుందని వాళ్ల వాదన. టీవీ కూడా ధ్యాసను లాగుతుంది, కానీ గట్టిగా పట్టుకుని వదలదు. ఉడుత అలా కాదు, దాన్ని చూస్తూనే మన ఆలోచన మనం ఆలోచించుకోవచ్చు.

ఇక ఫార్వర్డులకు మూలమైన అధ్యయనాల దగ్గరికి వద్దాం. ఆరు నిమిషాల మాట 2022లో జర్మనీ నుంచి వచ్చింది. 295 మందికి ఆన్‌లైన్‌లో పక్షుల కూతలు కానీ, ట్రాఫిక్ రొద కానీ వినిపించారు. కూతలు విన్నవాళ్లలో ఆందోళన, ఎవరో కీడు తలపెడుతున్నారన్న ఉత్త అనుమానాలు తగ్గాయి. దిగులు మాత్రం పలురకాల పక్షుల కూతలు విన్నవాళ్లలోనే, అదీ కొద్దిగానే తగ్గింది. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్లంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. డిప్రెషన్‌కు చికిత్స చేసి చూసిన అధ్యయనం కాదది.

అదే ఏడాది లండన్ కింగ్స్ కాలేజీవాళ్లు 1,292 మంది ఫోన్లకు రోజుకు మూడుసార్లు చిన్న ప్రశ్నలు పంపి, పిట్ట కనిపించిందా, వినిపించిందా, మనసెలా ఉంది అని అడిగారు. పిట్ట తారసపడినప్పుడు మనసు బాగున్నట్టు తేలింది. డిప్రెషన్ ఉందని డాక్టర్లు చెప్పినవాళ్లలోనూ ఇది కనిపించింది. ఆ మేలు కొన్ని గంటలు నిలిచింది.

120 నిమిషాల లెక్క 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మందిని అడిగి తేల్చింది. దాన్ని పెరడుకు వాడేవాళ్లు ఒక సంగతి గమనించరు. పార్కులు, సముద్రతీరాలు, పల్లెపట్టులు మాత్రమే ఆ లెక్కలోకి వచ్చాయి. సొంత ఇంటి తోటలో గడిపిన సమయాన్ని అందులో కలపలేదు.

## బట్టల తీగ మీద గూడు

ఇంటివాళ్లూ పిట్టలూ వేర్వేరు మందుల్లా కాకుండా కలిసి ఎలా పనిచేస్తాయో చెప్పడానికి మా ఇంటి సంగతి చెబుతాను.

నాన్న పోయి మూడు నెలలైంది. చెల్లి డల్లాస్ నుంచి రోజూ అమ్మకు ఫోన్ చేసేది. తిన్నావా అమ్మా? తిన్నాను. బీపీ మాత్ర వేసుకున్నావా? వేసుకున్నాను. నిద్ర పట్టిందా? పట్టింది. రెండు నిమిషాలు. ఫోన్ పెట్టేశాక అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చునేది. మా ముగ్గురికీ నాన్న గురించి తప్ప మాట్లాడాల్సింది లేదు, నాన్న గురించి మాట్లాడే ధైర్యమూ లేదు.

అప్పుడు పెరట్లో బట్టలారేసే తీగ మీద తేనెపిట్ట గూడు మొదలుపెట్టింది. బొటనవేలంత పిట్ట. సాలెగూడు దారాలు, ఎండుటాకుల ముక్కలు, దూది పింజలు తెచ్చి సంచిలాంటి గూడు వేలాడగట్టి, దాని వాకిలి మీద వాన పడకుండా చిన్న చూరు కూడా దించింది. అమ్మ ఆ తీగ మీద బట్టలు వేయడం మానేసి మేడ మీదికి మోసుకెళ్లడం మొదలుపెట్టింది. మోకాళ్ల నొప్పులున్నా వద్దంటే వినలేదు. చెల్లితో ఫోన్ పది నిమిషాలైంది, ఇరవై అయింది. ఇవాళ ఏం తెచ్చిందమ్మా? నా పాత చీర అంచులోంచి పోగు లాక్కెళ్లిందే. గుడ్లు పెట్టిందా? లోపలికి వెళ్లి ముక్కు మాత్రం బయటపెట్టి కూర్చుంటోంది, పెట్టినట్టే ఉంది.

గుడ్లు పొదిగి పిల్లలు బయటికొచ్చిన ఆరో రోజు పొద్దున చూస్తే గూడు అడుగు చీలి ఉంది. లోపల ఏమీ లేవు. కాకి పనో, పిల్లి పనో. అమ్మ ఆ చిరుగు చూసి నాతో అన్న మొదటి మాట: "దానికి చెప్పకురా. ఎగిరిపోయాయని చెప్పు."

చెప్పాను. చెల్లి కాసేపు ఆగి, "ఆరు రోజులకే ఎగురుతాయా అన్నయ్యా? రెండు వారాలైనా పడుతుందని చదివానే," అంది. నేనేం మాట్లాడలేదు. "నాన్న సంగతి కూడా ఇలాగే చెప్పారు. గ్యాస్ నొప్పి అన్నారు."

నిజమే. నాన్నను మొదటిసారి ఐసీయూలో పెట్టినప్పుడు, అంత దూరంలో ఉన్నదాన్ని కంగారు పెట్టడం ఎందుకని ఐదు రోజులు దాచాం. విదేశాల్లో పిల్లలున్న చాలా తెలుగు ఇళ్లలో జరిగేదే. అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. ఆ రోజు గంటన్నర మాట్లాడుకున్నారు. పిట్ట గురించి కాదు.

ఇందులో పిట్ట చేసిన పని ఏమిటి? పసిపిల్లల ఎదుగుదలను చదివేవాళ్లు జాయింట్ అటెన్షన్ అనే మాట వాడతారు. ఇద్దరు ఒకే వస్తువును చూస్తూ, ఎదుటివారూ దాన్నే చూస్తున్నారని తెలుసుకోవడం. చంకనెత్తుకుని అదిగో కాకి, ఇదిగో పిచ్చుక అంటూ గోరుముద్దలు పెట్టే తల్లి చేసేది ఇదే. పిల్లాడు మొదట కాకి వైపు చూస్తాడు, తర్వాత అమ్మ మొహం చూస్తాడు. దుఃఖంలో ఉన్న పెద్దవాళ్లకు ఎదురెదురుగా కూర్చుని మొహాలు చూసుకోవడం కష్టం. పక్కపక్కన కూర్చుని మూడోదాన్ని చూడటం తేలిక. ఆ మూడోది ప్రాణమున్నది, రోజుకో రకంగా మారేది అయితే మాటకు మాట అందుతూ ఉంటుంది. మా అమ్మకు ఊరట పిట్ట అందం వల్ల వచ్చిందనుకోను. చెల్లికి చెప్పడానికి రోజూ కొత్త సంగతి ఉండటం వల్ల వచ్చింది.

ఆ గూడు చీలిపోయిందన్నదీ మర్చిపోకూడదు. ప్రకృతి మనల్ని ఓదార్చడానికి ఉన్నది కాదు.

## ఒప్పుకోనివాళ్ల అభ్యంతరాలు

ఈ పరిశోధనల మీద వచ్చే విమర్శల్లో బలమున్నవి ఉన్నాయి. ఉల్రిచ్ అధ్యయనంలో 46 మందే. అదీ పాత రికార్డులు చూసి చేసింది. ఫోన్ ప్రశ్నల అధ్యయనంలో పిట్ట కనిపించడం వల్ల మనసు బాగైందా, మనసు బాగున్నవాళ్లే తలెత్తి పిట్టను చూశారా అన్నది పూర్తిగా విడదీయడం కష్టం. 120 నిమిషాల లెక్కలోనూ ఒంట్లో బాగున్నవాళ్లే ఎక్కువగా బయటికి వెళ్తారు కదా అన్న ప్రశ్న ఉండనే ఉంది. పైగా ఇక్కడ చెప్పినవన్నీ చల్లటి దేశాల్లో చేసినవి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నం చెట్టు కిందికి వెళ్లడం వేరే కథ.

పెరడు ఎవరికుంది అన్నది ఇంకో అభ్యంతరం. నగరంలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. దీనికి కొంత జవాబుంది: బల్లి, గోడ మీద పిల్లి, కరెంటు తీగ మీద గోరింక ధ్యాసను అలాగే నిలుపుతాయి. కానీ జవాబు పూర్తిది కాదు. చెట్టున్న ఇల్లు డబ్బుతో ముడిపడిన సంగతి, దాన్ని కాదనలేం.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం కుటుంబం గురించే. కోన్ ప్రయోగంలో కాపురం బాగున్నవాళ్లకే ఎక్కువ మేలు జరిగిందని చూశాం. బాగాలేని చోట? 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక గృహహింస ఫిర్యాదులు పెరిగాయని జాతీయ మహిళా కమిషన్ చెప్పింది. ఇల్లే భయమైనవాళ్లకు ఇంట్లో ఓదార్పు వెతుక్కోమనడం అన్యాయం. అలాంటివాళ్లకు కుటుంబం అన్నది ఇంటి పేరుతో వచ్చేది కానక్కర్లేదు. పక్కింటి అక్కయ్య కావచ్చు, హాస్టల్ స్నేహితురాలు కావచ్చు.

## పెరట్లో ఉండేవి పిచ్చుకలు మాత్రమే కాదు

పిట్టలకు గింజలు వేయడం పుణ్యమని మనం పెరిగాం. వసారాలో వరికంకుల కుచ్చులు వేలాడదీసిన ఇళ్లు, బియ్యప్పిండి ముగ్గుతో చీమలకు కూడా తిండి పెట్టిన వాకిళ్లు మనవి. ఇది గొప్ప అలవాటని మనస్ఫూర్తిగా నమ్ముతాను. అయితే అన్ని జీవాల సంగతీ ఒకటి కాదు.

పావురాలు గుంపులుగా చేరితే వాటి రెట్టలు, ఈకల ధూళి పీల్చి కొందరికి ఊపిరితిత్తులు వాచిపోతాయి. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా పాడైపోవచ్చు. ముంబైలో 2025లో పావురాలకు గింజలు వేసే కబూతర్‌ఖానాలను మూయించడం మీద కోర్టు కేసులూ ఆందోళనలూ జరిగింది ఇందుకే. ఒకవైపు ఊపిరితిత్తుల ఆరోగ్యం, మరోవైపు తరతరాల భక్తి. రెండు వైపులా ఉన్నవాళ్లు మనసారా నమ్మే మాట్లాడారు.

కోతులకు అరటిపండు ఇచ్చి మురిసేవాళ్లున్నారు. అదే కోతులు అలవాటుపడి కూరగాయల పాదులు పీకేస్తే, పెరట్లో ఏదీ వేయలేకపోతున్న పల్లెలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. పిట్టలకని రాత్రిళ్లు కూడా గింజలు నేల మీద వదిలేస్తే ఎలుకలొస్తాయి, ఎలుకల వెనక పాములొస్తాయి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఎక్కువమంది పల్లెలవాళ్లే. ఊరట కోసం రామచిలుకను పంజరంలో పెంచుతామంటే అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా అది పెరటి జీవమూ కాదు, బందీ.

పిచ్చుకల గురించి ఒక మంచి కబురు. అవి అంతరించిపోయాయని ఏటా చదువుతాం. 2020లో వచ్చిన దేశ పక్షుల స్థితి నివేదిక ప్రకారం పాతికేళ్లుగా దేశం మొత్తం మీద వాటి సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది. తగ్గింది హైదరాబాద్ లాంటి మహానగరాల్లో.

## ఊరట చాలని చోటు

దుఃఖం జబ్బు కాదు. కానీ కొందరిలో అది కదలకుండా గడ్డకట్టుకుపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేస్తున్న జబ్బుల జాబితాలో దీర్ఘకాల దుఃఖం అనే స్థితి చేరింది. ఆరు నెలలు దాటినా తెరిపి లేకపోవడం, రోజువారీ బతుకు నడవకపోవడం, ఆ సమాజంలో మామూలుగా అనుకునేదానికన్నా ఎక్కువగా ఉండటం దాని గుర్తులు. ఈ మూడో మాట ముఖ్యం. మన దగ్గర నెలనెలా మాసికాలు పెట్టి ఏడాదికి సంవత్సరీకం చేస్తాం. ఏడాది పాటు దుఃఖానికి చోటిచ్చిన సమాజం మనది. కాబట్టి ఎనిమిదో నెలలో ఏడిస్తే జబ్బని కాదు. ఎనిమిదో నెలలో కూడా స్నానం, తిండి, పని ఏదీ సాగకపోతే, బతకాలని లేదన్న మాట నోట వస్తే, అది పిట్టలూ ఇంటివాళ్లూ మాత్రమే మోయగలిగేది కాదు. అక్కడ వైద్యం కావాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.

## కాకి ముట్టడం

ఇల్లూ పిట్టా కలిసిన ఓదార్పు మనకు పరిశోధనలతో వచ్చింది కాదు. గోడ మీద కాకి అరిస్తే చుట్టాలొస్తారనే మాటలోనే రెండూ ఉన్నాయి. మనిషి పోయాక చాలా ఇళ్లలో పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూస్తాం. ముట్టకపోతే పెద్దవాళ్లు ముందుకొచ్చి, పిల్ల పెళ్లి మేం చేస్తాం, తమ్ముణ్ణి మేం చూసుకుంటాం, నువ్వు దిగులు పెట్టుకోకు అని పైకి చెబుతారు. పోయినవారు తృప్తిపడితేనే కాకి ముడుతుందని నమ్మేవాళ్లు నమ్ముతారు. ఆకలేస్తే కాకి వస్తుంది, జనం దూరం జరిగితే దిగుతుంది అనేవాళ్లు ఉన్నారు. నమ్మినా నమ్మకపోయినా అక్కడ జరిగేది మాత్రం కళ్లముందు కనిపిస్తుంది. బతికినన్నాళ్లూ చెప్పుకోని మాటలు, మిగిలినవాళ్ల బాధ్యతలు అందరి ముందూ బయటికి వస్తాయి. అందరూ ఒకే వైపు చూస్తుంటారు.

నాన్న సంవత్సరీకం నాడు పెరటి గోడ మీద ఆకు పెట్టాం. చెల్లి వీడియోలో ఉంది, అక్కడ అర్ధరాత్రి. ఒక కాకి కొబ్బరి మట్ట మీదికి వచ్చి కూర్చుంది, దిగలేదు. తేనెపిట్ట గూడు చీల్చింది ఇదేనేమో అన్నాను మెల్లగా. అమ్మ నా చేయి పట్టుకుని రెండడుగులు వెనక్కి లాగింది. "నువ్వు మాట్లాడకు. ముందు దాన్ని తిననీ."